వాకిలి కొలతకు ట్రాక్టరు

మా మామ ట్రాక్టరు కొనడానికి ఆదోనికి బయలుదేరిన రోజు ఆయన భుజం మీద తువ్వాలు, చేతిలో ఒక జనపతాడు ఉన్నాయి. తాడుకు రెండు ముళ్లు. ఆ ముళ్ల మధ్య దూరం మా ఇంటి వాకిలి వెడల్పు. ట్రాక్టరు కొనేవాళ్లు ఎవరైనా ఎన్ని గుర్రాల బలమో అడుగుతారు, బరువెంతో అడుగుతారు, గంటకు ఎంత నూనె తాగుతుందో అడుగుతారు. మా మామ ఇవన్నీ అడిగాడు గానీ, చివరికి తీర్పు చెప్పింది మాత్రం ఆ తాడే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఆదోనిలో పుట్టి, అక్కడే స్కూలు ఫైనలు దాకా చదివి, ఎమ్మిగనూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. మా పిల్ల ఇంగ్లీషు చదువు చూసి చేసుకున్నారని మా నాన్న నలుగురికీ చెప్పుకునేవాడు. తీరా వచ్చాక ఆ చదువు మందు సీసాల మీద అంటించిన కాగితాలు చదవడానికి తప్ప దేనికీ అక్కరకు రాలేదు. మా ఆయన మంచివాడు. తండ్రి మాటకు తల ఊపేవాడు, తల్లి మాటకూ తల ఊపేవాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే లేచి పొలానికి పోయేవాడు.

మాది మట్టి మిద్దె. మందంగా గోడలు, వెలుతురు కోసం కప్పులో ఒక గవాక్షి, రాకపోకలకు ఒకే ఒక్క వాకిలి. గడప దాటగానే పల్లంగా ఎద్దులు కట్టేసే చోటు, వాటికి మేత వేసే గాడి. మెట్టెక్కితే మనుషులుండే పడసాల. ఎద్దులు అక్కడ నెమరు వేస్తుంటే ఇక్కడ మేం అన్నం తినేవాళ్లం. మొదట్లో నాకు ముద్ద దిగేది కాదు. తర్వాత్తర్వాత ఆ నెమరు చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఆ వైపు సేద్యగాళ్ల ఇళ్లన్నీ అంతే. కొత్త ఎద్దును కొనితెస్తే ఇంటి ఇల్లాలు వాకిట్లో దాని కాళ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, హారతి పట్టి లోపలికి తీసుకునేది. ఒక రాత్రి ఇంటి కప్పు కింద పడుకున్నాకే దాని మెడ మీద కాడి పెట్టేవాళ్లు.

మా ఇంట్లో ఉన్న జత మా అత్తది. ఆమె పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఆవుకు మనవలు. దూడలుగా ఉన్నప్పుడే తల్లి చచ్చిపోతే గంజి తాపి పెంచింది. కాడికి ఎడమవైపు కట్టేదాన్ని దాపటోడని, కుడివైపుదాన్ని వలపటోడని పిలిచేది. నేను కాపురానికి వచ్చిన రోజు ఆమె నాకు చెప్పిన మొదటి బుద్ధి కూడా వాటి గురించే.

"మీ మామకు బువ్వ ఆలస్యమైతే అరుస్తాడు, అంతే. దాపటోనికి కుడితి ఆలస్యమైతే అలుగుతాడు. గుర్తు పెట్టుకో అమ్మీ."

అలాంటి ఇంట్లో ట్రాక్టరు మాట ఎత్తడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. మా నల్లరేగడిలో గరిక పడిందంటే శని పట్టినట్టే. వేళ్లతో సహా పెకలించాలంటే పెద్ద మడకకు ఆరు జతల ఎద్దులు కట్టి లోతుగా దున్నాలి. మాకున్నది ఒక జత. మిగతా ఐదు జతలకు ఐదిళ్లకు పోయి బతిమాలాలి. మా మామకు ఎన్ని పనులు వచ్చినా బతిమాలడం రాదు. ఒకసారి పని మీద ఆలూరు దిక్కుకు పోయి, అక్కడొక ఆసామి చేలో ట్రాక్టరు ఒంటరిగా గరికను పీకి పారేయడం కళ్లారా చూసి వచ్చాడు. వచ్చి, అది ఏనుగంత ఉందని చేతులు చాపి చెప్పాడు. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. గాలి సోకిందేమోనని అత్త మిరపకాయలతో దిష్టి కూడా తీసింది. మర్నాడు అన్నం ముందు కూర్చుని నోరు విప్పాడు.

"ట్రాక్టరు తెస్తా."

"తెచ్చి యాడ పెడ్తావు?" అంది అత్త.

"ఈన్నే. గాడికాడ."

"మరి ఎద్దులు?"

మామ ఆమె వైపు చూడకుండా పప్పు కలుపుకుంటూ, "జాతరలో పరస ఉండాది కదా" అన్నాడు.

పరస అంటే ఎమ్మిగనూరు జాతరలో జరిగే ఎద్దుల సంత. అత్త ఇల్లెగిరేట్టు కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. గరిటె కింద పెట్టి వాకిలి వైపు చూసింది. చూసి చూసి, పాలు తోడు పెట్టినంత నిమ్మళంగా చెప్పింది.

"తే. వద్దన్లేదు. కానీ సేద్యం చేసేది ఏదైనా మన గడప దాటి లోపలికి రావల్ల. ఈ కప్పు కింద పండుకోవల్ల. అట్లా వస్తే నేనే హారతి పడ్తా. ఈసారి పత్తి విత్తనం దాంతోనే వెయ్యి. ఏసినావంటే జాతరకు ఎద్దుల్ని తోలుకొనిపో, నేను నోరు తెరవను. ఏయలేకపోతివా, అది వచ్చిన తోవనే పోవల్ల."

"ఓస్, అంతే గదా" అన్నాడు మామ.

ఆయన వాకిలి వైపు చూడలేదు. నేను చూశాను. ఆలూరు ట్రాక్టరు ఏనుగంత ఉందని నిన్ననే ఆయన చేతులు చాపి చెప్పాడు. మా వాకిలి మూడు మూరలు. అత్త వంటింట్లో చింతపండు పిసుకుతూ తనలో తాను నవ్వుకుంటోంది. దాపటోడూ వలపటోడూ మా ఇంట్లో ఉంటారా, పరసకు పోతారా అన్నది ఇక ఆ మూడు మూరల చేతిలో ఉంది.

మామకు సంగతి తలకెక్కాక తాడు తీసుకుని వాకిలి కొలిచాడు. అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా. ఏ కొలతకూ వాకిలి పెరగలేదు. అప్పుడాయన ఆదోనికి పోయి, పత్తి మార్కెట్టు వెనక ఇంజన్లు అమ్మే శెట్టి అంగడిలో, "మీకాడ ఉన్నవాట్లో సన్నవి యావి?" అని అడిగి, చిన్నరకం డీజిలు ట్రాక్టర్ల బొమ్మల కాగితాలు పట్టుకొచ్చాడు. రెండు రకాలు. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కాపురానికి వచ్చాక మొదటిసారి మా మామ నన్ను పిలిచి పీట వేసి కూర్చోబెట్టాడు.

వినడానికి సుడుల పెద్దాయన కూడా వచ్చాడు. ఊళ్లో ఎవరు ఎద్దు కొన్నా ముందు ఈయన దాని ఒంటి మీది సుడులు చూడాలి, పళ్లు చూడాలి, నడక చూడాలి. ఆయన ఊఁ అంటే కొంటారు, ఊహూఁ అంటే మానేస్తారు. ట్రాక్టరు మాత్రం ఎందుకు మినహాయింపు?

"ఎర్రది పద్దెనిమిది గుర్రాల బలం. నీలంది ఇరవై నాలుగు" అని చదివాను.

"గుర్రాల్తో మనకేం పనమ్మా? గుర్రాన్ని కట్టి సేద్యం చేసినోణ్ని యాడన్నా సూసినావా నువ్వు? ఎద్దుల లెక్కన సెప్పు" అన్నాడు పెద్దాయన.

కాగితంలో ఎద్దుల లెక్క లేదు. గుర్రానికొక ఎద్దు చొప్పున వేసి, ఎర్రది తొమ్మిది జతలు, నీలంది పన్నెండు జతలు అన్నాను.

"యా ఎద్దులు? మీ ఇంటివా, మా ఇంటివా?"

పెద్దాయన ఇంటి ఎద్దులు ముసలివి. మా ఇంటివే అని చెప్పాను. పక్కన బియ్యం చెరుగుతున్న అత్త చేట ఆపింది.

"మా దాపటోనంత జోరు తొమ్మిదింటికి ఉంటాదా? ఉత్తమాట. ముందుకు సదువు" అంది.

చదివాను. బరువు చెప్తే, అంత బరువు నల్లరేగడిలో దిగబడితే లేపేదెవరని వాదన. రేడియేటరులో నీళ్లు పోయాలంటే, నీళ్లు తాగుతుందంటే మంచి జాతే అని పెద్దాయన తల పంకించాడు. దీపాలు రెండంటే, కళ్లు సరిపోయాయన్నాడు. గేర్ల దగ్గర మామకు కోపం వచ్చింది.

"ముందుకు నాలుగు, వెనక్కి ఒకటి" అన్నాను.

"వెనక్కి ఏంటికి?"

"వెనక్కి పోవడానికే మామా."

"సేద్యగాడు వెనక్కి పోయేది యాడన్నా ఉందా? సాలు పట్టినోడు ముందుకే పోతాడు. ఆ గేరు లేని బండి ఉందేమో కనుక్కోవల్ల."

ఆ తర్వాత ఒక వాక్యం వచ్చింది. రెండు ట్రాక్టర్లకూ ఉన్నదే. వెనక చక్రాల మధ్య ఎడాన్ని పైరు సాళ్లకు తగ్గట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇది వినగానే పెద్దాయన తొడ చరిచాడు.

"ఆఁ! ఇదీ గొప్పంటే. ఎంత జాతి ఎద్దయినా దాని కాళ్లు మనం ఎడం చెయ్యగలమా?"

అందరం ఔనౌనన్నాం. ఆ మాటకూ, గోడకున్న గూటానికి వేలాడుతున్న ఆ తాడుకూ సంబంధం ఉందని ఒక్కరికీ తట్టలేదు. స్కూలు ఫైనలు చదివిన నాకూ తట్టలేదు.

మర్నాడు ఆదోని అంగడికి నలుగురం పోయాం. మామ, పెద్దాయన, మా ఆయన, కాగితాలు చదవడానికి నేను. శెట్టి మర్యాదస్తుడు. కాఫీలు తెప్పించి నీలందాని బలం గురించి వర్ణించడం మొదలుపెట్టాడు. మామ కాఫీ గటగటా తాగి, లేచి, నీలందాని వెనక చక్రాల మీద తాడు పరిచాడు. శెట్టి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"ఏమప్పా, కొలతేస్తాండావు? దానికి సొక్కా కుట్టిస్తావా ఏంది?"

మామ వంగి ముడి చూశాడు. నీలంది ముడి దాటి బెత్తెడు బయటికి వచ్చింది. పైగా దాని పొగగొట్టం నిటారుగా ఆకాశం వైపు ఉంది, ద్వారబంధానికి కొట్టుకుంటుంది. ఆరు గుర్రాలు ఎక్కువున్నా లాభం లేకపోయింది. ఎర్రదాని పొగగొట్టం పొట్ట కిందనుంచి వెనక్కి పోయింది. తాడు వేస్తే రెండు ముళ్ల లోపల, అటు రెండు వేళ్లు ఇటు రెండు వేళ్లు వదిలి, సరిగ్గా సరిపోయింది. మామ ముఖం మతాబాలా వెలిగింది. పెద్దాయన ఎర్రదాని చుట్టూ ప్రదక్షిణ చేసి, ముందుభాగాన గుండ్రటి కంపెనీ బిళ్ల కనబడగానే ఆగాడు.

"నొసట సుడి ఒక్కటే. దోషం లేదు. నడక సూపిచ్చమను."

అంగడి మిస్త్రీ దాన్ని వీధిలో అటూ ఇటూ నడిపించి చూపాడు. "కుంటు లేదు" అని పెద్దాయన తేల్చాక బేరం కుదిరింది.

మిస్త్రీయే దాన్ని తోలుకుని మా ఊరికి వచ్చాడు. ఊరి ముందు బయల్లో మామకు నడపడం నేర్పాడు. ముందుకు పోవడం బాగానే వంటబట్టింది. వెనక్కి పోవడం నేర్పబోతే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది నువ్వే వెయ్యప్పా. లోపలికి నువ్వు పెట్టిపో, బయటికి నేను తెస్తా."

అత్త ఇచ్చిన మాట ప్రకారం చెంబుతో నీళ్లు పోసి నాలుగు చక్రాలూ కడిగింది. పసుపు కుంకుమ పెట్టింది. హారతి పట్టింది. మిస్త్రీ దాన్ని వెనక్కి నడిపిస్తూ వాకిట్లోకి దూర్చాడు. ఇరుక్కోవాలని ఆమె మొక్కుకున్న దేవుళ్లందరూ ఆ పూట వేరే పనుల్లో ఉన్నట్టున్నారు. రెండు వేళ్లు అటు, రెండు వేళ్లు ఇటు వదిలి అది నున్నగా లోపలికి వచ్చేసి, మూతి వాకిలి వైపు పెట్టుకుని గాడి దగ్గర నిలబడింది. అత్త చేతిలో హారతి పళ్లెం అలాగే ఉంది. కర్పూరం ఆరిపోయినా దించలేదు.

ఎద్దుల కోసం ఇంటి పక్కన బోదగడ్డి కొట్టం వేశారు. సాయంత్రం అత్త తన మంచం ఎత్తుకుని ఆ కొట్టంలోకి నడిచింది.

"ఇదేం సోద్యమే?" అన్నాడు మామ.

"ఎద్దులు బయట పండుకుంటే నేనూ బయటే. నువ్వు దాంతో లోపల పండుకో. దానికి దోమలు కుడతాయేమో సూడు."

ఇంట్లో డీజిలు కంపు. చారులో డీజిలు, మజ్జిగలో డీజిలు. మామ మాత్రం రోజూ తువ్వాలుతో ట్రాక్టరును తుడిచి, వాన కోసం గవాక్షిలోంచి మబ్బు చూసేవాడు.

వాన వచ్చింది. పత్తి విత్తడానికి కావలసిన వాన, నేలలో లోతుగా దిగే వాన. ముసురు ఇంకా పడుతుండగానే, మాట ఇచ్చినట్టు మిస్త్రీ బస్సు దిగి వచ్చాడు. విత్తనం వేసే మా గొర్రు సాళ్లకు సరిపోయేట్టు వెనక చక్రాలు అమర్చిపోవడం ఆయన పని. బయట చినుకులు, బురద. ఇంట్లో పొడిగా, వెచ్చగా ఉంది. ట్రాక్టరును లోపలే దిమ్మల మీదికి ఎత్తి, చక్రాలు ఊడదీసి, ఎడం పెంచి బిగించాడు. మామ గొర్రు తెచ్చి పక్కన పెట్టి కొలిచి చూసుకున్నాడు. చక్రాలు సాళ్లకు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. మిస్త్రీకి జొన్నరొట్టె, గుత్తివంకాయ పెట్టాను. "బహుత్ బాగుందమ్మా" అని తిని, పానాల సంచీ భుజాన వేసుకుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

నేల ఆరి పదునుకు వచ్చిన రోజు పొద్దున్నే ఊరంతా మా వాకిలి ముందుంది. కొబ్బరికాయ కొట్టారు. మామ తెల్లటి కొత్త తలపాగా చుట్టి ట్రాక్టరెక్కాడు. లోపల ఇంజను అదిరింది. ఇల్లంతా పొగ. నేను పడసాలలో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ట్రాక్టరు మూతి గడప దాటింది. చిన్న చక్రాలు దాటాయి. వెనక చక్రాలు రెండూ ఒకేసారి రెండు వైపులా గోడకు కొట్టుకుని దభీమని ఆగిపోయాయి. ఇంజను దగ్గి చచ్చింది. మిద్దె మీది మన్ను జలజలా రాలి మామ తలపాగా నల్లబడింది.

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వచ్చిన వాకిలే, వచ్చిన ట్రాక్టరే. మామ దిగి, తాడు తెచ్చి చక్రాల మీద వేసి చూశాడు. ముళ్లకు రెండు వైపులా చక్రాలు జానెడేసి బయట ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. సాళ్ల కొలతకు చక్రాలు జరిగాయి, వాకిలి కొలత అలాగే ఉంది. చక్రాలు మళ్లీ దగ్గరికి జరపాలంటే పెద్ద పానా కావాలి. అది మిస్త్రీ సంచీలో ఉంది. మిస్త్రీ ఆదోనిలో ఉన్నాడు.

మా ఆయన ఎవరి సైకిలో పట్టుకుని ఆదోనికి పోయాడు. నేను లోపలినుంచి, "మామా, కనీసం వెనక్కి తీయండి, మనుషులన్నా వస్తారు పోతారు" అన్నాను.

"కొబ్బరికాయ కొట్టినంక వెనక్కి పోతే సేద్యానికి కీడమ్మా" అన్నాడు. అసలు సంగతి, వెనక్కి పోవడం ఆయనకు రాదు. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

అలా మూతి వీధిలో, పీట ఇంట్లో పెట్టుకుని ఎర్రది నిలబడింది. ఇంటికి ఉన్న ఒక్క వాకిలికీ అది బిరడా. లోపల నేనూ మామా, బయట ఊరూ అత్తా ఎద్దులూ. నీళ్ల బిందె కూడా దాని వీపు మీదుగానే అందుకున్నాను. ద్వారబంధం మధ్య, కుంకుమ పెట్టిన ఇంజను వెనకాల, చీకట్లో తెల్లపంచెతో కూర్చున్న మామ బయటివాళ్లకు గర్భగుడిలో విగ్రహంలా కనబడ్డాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు చూసి పోసాగారు. సలహాలకు లోటు లేదు. చక్రాల్లో గాలి తీస్తే సన్నబడుతుందని ఒకరు, గోడకు ఆముదం పూస్తే జారుతుందని ఒకరు. పెద్దాయన గట్టిగానే అన్నాడు.

"రథం తయారు, జనం తయారు. దేవుడే గుళ్లోనుంచి రాలేకపోతాండాడు!"

అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఎదురుగా మామ వీపు చూసి మింగేశాను. ఆ వీపు వంగిపోయింది.

మధ్యాహ్నం మా ఆయన ఒంటరిగా తిరిగొచ్చాడు. మిస్త్రీ గుంతకల్లు వైపు ఇంకో పనికి పోయాడట, ఎప్పుడొస్తాడో అంగడిలో తెలియదట. అప్పటికే పడమటి గాలి మొదలైంది. ఆ గాలికి నల్లరేగడి పదును చూస్తుండగానే ఎగిరిపోతుంది. చుట్టూ చేలల్లో అందరి గొర్రులూ కదులుతున్నాయి. మా ఆయన ట్రాక్టరు మూతి దగ్గర నిలబడి గొంతు తగ్గించి అడిగాడు.

"నాయనా, ఎద్దుల్ని కట్టేదా?"

మామ తల దించుకున్నాడు. మా ఆయన తల్లి వైపు తిరిగాడు. అందరూ తిరిగారు. ఆమె గెలిచింది. ట్రాక్టరుతో విత్తనం పడలేదు. ఒక్క మాట, కట్టు అంటే చాలు, దాపటోడూ వలపటోడూ ఇక ఏ జాతరకూ పోరు. కొట్టంలో అవి తలలెత్తి ఆమెనే చూస్తున్నాయి.

అత్త ట్రాక్టరు దగ్గరికి వచ్చి, దాని మీదుగా లోపలికి తొంగి చూసింది.

"బువ్వ తిన్న్యావా?"

"లేదు" అన్నాడు మామ. తలెత్తలేదు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆమె ఆ తలపాగాను చూసింది. వెనక ఇంకా ఎవరో కిసుక్కుమంటున్నారు. గిరుక్కున వాళ్ల వైపు తిరిగింది.

"నవ్వింది సాలు. గడ్డపార తేండి యవరన్నా."

"ఏంటికే?" అన్నాడు మామ లోపలినుంచి.

"గోడ పగలగొట్టనీకి."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? మా నాయన కట్టిచ్చిన గోడ!"

"మీ నాయన ఎద్దుల కొలతకు కట్టిచ్చినాడు. ఇంటికి వచ్చింది పెద్దదైతే వాకిలి పెద్దది చేసుకుంటారు గానీ, ఇంటాయన్ను లోపల పెట్టి ఊరిని నవ్విస్తారా? పోనీ గోడ. బిరీన కొట్టండి, పదును పోతాంది."

ఆ మాటకు వెల ఏమిటో నాకు తెలుసు, మామకు తెలుసు. ఆయన ఇప్పుడు తలెత్తాడు. గడ్డపార మొదటి దెబ్బ పడగానే నాకు ఏడుపొచ్చింది. చేతిలోకి వచ్చిన గెలుపును మనిషి ఇలా కాలదన్నుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఒక పక్క గోడ, ద్వారబంధంతో సహా, కూలింది. ఆ దుమ్ములోంచి ఎర్రది గర్జించుకుంటూ బయటికి వచ్చింది. ఊరు ఈలలు వేసింది. చేలో మరో తమాషా. ఎద్దుల గొర్రు వెనక ఆడవాళ్లు నడుస్తూ, పేడనీళ్లలో రుద్ది ఆరబెట్టిన పత్తిగింజలను గొట్టాల్లో జారవిడుస్తారు. మామ ఎంత చిన్న గేరు వేసినా ట్రాక్టరు వెనక మేం నడవలేకపోయాం, పరుగెత్తాం. నేను రెండు సాళ్లకే కూలబడ్డాను. అత్త మాత్రం కొంగు నడుముకు బిగించి, తన ఎద్దులను పరసకు పంపబోయే ఆ బండి వెనకే, ఒక్క గింజ పక్కకు పడకుండా పరుగెత్తింది. పొద్దు వాలేసరికి చేనంతా విత్తడం అయిపోయింది.

జాతర వచ్చింది. మాటంటే మాటే. అత్త ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలకు గంటలు కట్టి, ఏమీ మాట్లాడకుండా పలుపు మామ చేతికి ఇచ్చింది. ఆయన పెద్దాయనను తోడు తీసుకుని తోలుకుపోయాడు. ఆ రోజంతా ఆమె కొట్టంలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను రెండుసార్లు బువ్వ తీసుకెళ్లి రెండుసార్లూ తిరిగి తెచ్చాను.

సాయంత్రం ముందు పెద్దాయన వచ్చాడు, నిప్పులు కక్కుకుంటూ.

"నన్నేంటికి తోలుకొని పోయినట్టు? మంచి మంచి బేరాలు వచ్చినాయి. తువ్వాలు కప్పుకొని, దాని కింద సేతి ఏళ్లు పట్టుకొని బేరం సేస్తాంటే, ధర కుదిరేలోపల మీ మామ సెయ్యి వెనక్కి లాక్కుంటాడు. వాళ్లు ఇంకొంచెం ఎక్కువంటే, ఇది తంతాది అంటాడు. అది దున్నేటప్పుడు పండుకుంటాది అంటాడు. దాపటోనికి లేని సుడి ఉందని సెప్పినాడమ్మా! నేను పక్కన ఉండంగనే! నా మాటకు విలువేముంది ఇంగ?"

మా మామకు వెనక్కి పోయే గేరు రాదని అన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గంటల చప్పుడు వినబడింది. అత్త లేచి కొట్టం బయటికి వచ్చింది. దాపటోడూ వలపటోడూ వీధి మలుపు తిరిగారు, వెనక మామ. ఆ మధ్య మిస్త్రీ మళ్లీ వచ్చి వెనక్కి తోలి పెట్టిపోయిన ట్రాక్టరు అప్పుడు ఇంట్లో, గాడి దగ్గర ఉంది. ఆయన ఎద్దులను వాకిట్లో ఆపి, లోపలికి పోయి, దాన్ని బయటికి నడిపించి కొట్టంలో పెట్టి వచ్చాడు. తర్వాత పలుపు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"ఏం, అమ్ముడు పోలేదా?" అంది అత్త.

"యాడ పోతాయి?" అన్నాడు మామ, ఆమె వైపు చూడకుండా, కూలిన గోడ వైపు చూస్తూ. "ఇంత ఎడల్పు కొమ్ములైతే ఎవరింటి వాకిట్లోనూ పట్టవంట. మన వాకిలైతేనే సరిపోతాదంట."

అత్త నా వైపు తిరిగి, "చెంబుతో నీళ్లు తే అమ్మీ, హారతి పళ్లెం తే" అంది. అప్పుడే కొన్న కొత్త జతకు చేసినట్టు రెండింటి కాళ్లూ కడిగి, కుంకుమ పెట్టి లోపలికి తోలింది. ఆ తర్వాత కొట్టంలోకి పోయి తన మంచం తెచ్చుకుంది.